రాతిలోంచి వచ్చిన మందు, నీళ్ళు చాలని నేల

మార్కాపురం పేరు వినగానే ఒక తరం తెలుగువారికి గుర్తొచ్చేది పలక. చెక్కచట్రంలో బిగించిన నల్లరాతి పలకమీదనే ఆ తరం ఓనమాలు దిద్దింది. బడిసంచుల్లోకి నోటుపుస్తకాలు వచ్చాక ఆ రాయి గోడలకూ నేలలకూ అతికే బిళ్ళలుగా మారి సముద్రాలు దాటిపోయింది. రాతిని నమ్ముకొని బతికిన ఊరు కనుక, రాతిపేరే పెట్టుకొన్న ఒక మందు కథను ఇక్కడినుంచి ఎత్తుకోవడం సబబేనని నా ఉద్దేశం.

గ్రీకుభాషలో లిథోస్ అంటే రాయి. 1817లో స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ అనే మహారసాయనవేత్త ప్రయోగశాలలో ఆర్ఫ్‌వెడ్‌సన్ అనే పాతికేళ్ళ శిష్యుడు ఊటో దీవి గనినుంచి తెచ్చిన పెటలైట్ అనే రాతిని విశ్లేషిస్తూ, తెలిసిన పదార్థాలన్నీ కలిపినా లెక్క నూటికి నూరు రాకపోవడం గమనించాడు. ఆ లోటులో దాక్కొన్నది ఒక కొత్త క్షారం. అంతకుముందు తెలిసిన క్షారాలు మొక్కల బూడిదలో దొరికేవి. ఇది రాతిలో దొరికింది కనుక ఆ పేరు. ఈనాడు లిథియం అంటే అందరికీ సెల్‌ఫోను బ్యాటరీయే. కానీ బ్యాటరీకంటే ఎంతో ముందే దాని లవణం మనిషి మనసుకు మందయింది. బైపోలార్ వ్యాధి, అంటే మనం ద్విధ్రువ మనోవ్యాధి అని రాస్తున్న జబ్బు, కొన్నాళ్ళు నిద్ర అక్కరలేని మహోత్సాహం, కొన్నాళ్ళు మంచం దిగనీయని విషాదం, నడుమ మామూలు మనిషి. ఆ రెండు కొసలనూ దగ్గరికి లాగి పట్టుకొనే మందులలో లిథియం మొదటిది. దాని స్థానం నేటికీ చెదరలేదు.

ఆ మందులు మొదలుపెట్టినవారిలో కొందరికి తలనొప్పి వస్తుంది. ఇంత పెద్ద జబ్బు ముందు తలనొప్పి ఎంత అనిపిస్తుంది. రోగి చెప్పడు, చెప్పినా ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు, పట్టించుకొన్నా మెడికల్ షాపునుంచి ఒక బిళ్ళ తెచ్చిపెడతారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి, పొదిలి ప్రాంతాల నేలనూ నీటినీ తలచుకొన్నప్పుడు ఆ ఒక్క బిళ్ళ దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. ఈ టపా దానిగురించే. అయితే ఆ బిళ్ళదాకా రావాలంటే ముందు ఉప్పు కథ చెప్పుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దంలో లిథియం వాతపునొప్పుల మందు. కీళ్ళలో గడ్డకట్టే యూరిక్ ఆమ్లాన్ని లిథియం లవణాలు కరిగిస్తాయన్న నమ్మకంతో లండనులో గారడ్ అనే వైద్యుడు 1859లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ దారిలోనే డెన్మార్కులో కార్ల్ లాంగె 1880లలో విషాదవ్యాధికి లిథియం ఇచ్చాడు. ఆయన సిద్ధాంతం తప్పు. ఫలితం మాత్రం ఒప్పు. సిద్ధాంతం కూలిపోయాక ఫలితాన్నీ జనం మరిచిపోయారు. వైద్యచరిత్రలో ఇటువంటి మరుపులు చాలా ఉన్నాయి. అటు అమెరికాలో మాత్రం లిథియం సోడాబుడ్డిలోకీ ఎక్కింది. 1929లో మొదలైన సెవెనప్ తొలినాళ్ళలో లిథియం కలిపిన నిమ్మసోడా. 1948లో దానిలోంచి లిథియంను తీసేశారు.

ఆ 1948లోనే ఆస్ట్రేలియాలో అసలు కథ మొదలయింది. జాన్ కేడ్ రెండో ప్రపంచయుద్ధంలో సింగపూరులోని చాంగీ చెరలో మూడున్నరేళ్ళు జపానువారి ఖైదీగా గడిపిన వైద్యుడు. మెల్‌బోర్న్ శివార్లలోని బందూరా ఆసుపత్రిలో, వాడుకలో లేని ఒక వంటగదిలో గినీపందుల మీద ప్రయోగాలు చేసేవాడు. ఉన్మాదానికి కారణం ఒంట్లో పేరుకొన్న ఏదో విషం అయివుండాలని ఆయన ఊహ. యూరిక్ ఆమ్లాన్ని నీటిలో కరిగించడానికి తోడుగా లిథియంను వాడాడు. చిత్రంగా, అది ఎక్కించిన గినీపందులు కీచులాడడం మాని వెల్లకిలా పడుకొని నిమ్మళంగా చూస్తూ ఉండిపోయాయి. అవి నిమ్మళించింది మందువల్లనా, విషం తగలడంవల్లనా అని తరవాత చాలామంది అడిగారు. సరైన ప్రశ్నే. ఏమైతేనేం, కేడ్ ముందుగా తానే ఆ లవణాన్ని మింగి చూసుకొని, 1948 మార్చి 29న మొదటి రోగికి ఇచ్చాడు.

ఆ రోగి 51 ఏళ్ళవాడు, ఐదేళ్ళుగా ఉన్మాదంలోనే ఉన్నవాడు. వైద్యగ్రంథాలు పొడి అక్షరాలతోనే ఆయన్ను పేర్కొంటాయి. మూడు వారాలకల్లా కుదుటపడ్డాడు. జూలైలో ఇంటికి వెళ్ళి పాత ఉద్యోగంలో చేరాడు. ఒంట్లో బాగుంది కదా అని బిళ్ళలు మానేశాడు. 1949 జనవరిలో మళ్ళీ ఉన్మాదంతో ఆసుపత్రికి వచ్చాడు. మళ్ళీ లిథియం, మళ్ళీ కుదుటపడడం. కానీ ఈసారి మందు ఒంట్లో మెల్లగా పేరుకుపోయింది. 1950 మేలో లిథియం విషప్రభావంతోనే ఆయన మరణించాడు. కేడ్ మనసు విరిగి తన ఆసుపత్రిలో లిథియంను ఆపేశాడు.

ఈ ఒక్క మనిషి జీవితంలో రెండు ప్రమాదాలూ ఉన్నాయి, గమనించండి. మానేస్తే జబ్బు తిరగబడింది. లెక్క తప్పితే మందే చంపింది. లిథియం చరిత్ర అంతా ఈ రెంటి నడుమ ఉన్న సన్నటి గట్టుమీద నడక.

కేడ్ వ్యాసం 1949 సెప్టెంబరులో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో వెలువడింది. పది మంది ఉన్మాదరోగులూ బాగుపడ్డారని రాశాడు. అయితే ఆ ఏడాది మొదట్లోనే అమెరికాలో లిథియం పేరు పాడయిపోయింది. గుండెజబ్బూ రక్తపోటూ ఉన్నవారిని వైద్యులు ఉప్పు మానమంటారు కదా. నాలుక ఊరుకోదు. అందుకని ఉప్పుకు బదులు చల్లుకోమని లిథియం క్లోరైడును సీసాల్లో పోసి అమ్మారు. రుచి ఉప్పు రుచే. కొందరు చనిపోయారు, చాలామంది మంచాన పడ్డారు, ప్రభుత్వం వాటిని అంగళ్ళనుంచి తీయించింది. ఎందుకు చనిపోయారు? ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన ప్రాంతపు తలనొప్పి సంగతి సగం తెలిసినట్టే.

లిథియం, సోడియం రసాయనశాస్త్రంలో ఒకే కుటుంబపు అన్నదమ్ములు. మూత్రపిండం చాలావరకు వాటిని ఒకే చూపు చూస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ సమృద్ధిగా ఉన్నప్పుడు రెంటినీ బయటికి పంపుతుంది. ఉప్పు తగ్గినా, చెమటగానో విరేచనాలుగానో నీరు పోయినా, మూత్రపిండం కంగారుపడి సోడియంను వెనక్కి పీల్చుకొంటుంది. దానితోపాటు లిథియంనూ పీల్చుకొంటుంది. మింగిన బిళ్ళల సంఖ్య మారదు, రక్తంలో మందు మాత్రం పెరుగుతుంది. ఉప్పు పూర్తిగా మానేసి, దాని బదులు లిథియమే చల్లుకొన్న ఆ అమెరికా రోగుల ఒంట్లో జరిగింది ఇదే.

ఈ ప్రమాదాన్ని లొంగదీసిన ఘనత మొదట మెల్‌బోర్న్‌కే చెందుతుంది. నోయాక్, ట్రౌట్నర్ అనే ఇద్దరు 1951లో వందకు పైగా రోగులకు లిథియం ఇచ్చి, రక్తంలో దాని పాలు ఎంతో జ్వాలామాపకంతో కొలుస్తూ వచ్చారు. మంటలో లిథియం ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపును కొలిచే యంత్రమది. తరవాత డెన్మార్కులో మొగెన్స్ స్కౌ 1954లో బొమ్మా బొరుసూ వేసి రోగులను రెండుగా విడదీసి పరీక్షించాడు. స్కౌ సొంత తమ్ముడే తిరగబెట్టే విషాదవ్యాధితో బాధపడ్డవాడు కావడంవల్ల ఆయన పట్టుదలకు ఇంటి కారణం కూడా ఉంది. లండను వైద్యులు 1968లో ఇదంతా కట్టుకథ అని ఎగతాళి చేస్తే, ఆయన, బాస్ట్రుప్ కలిసి 1970లో మరింత గట్టి పరీక్షతో జవాబు చెప్పారు. అమెరికా ప్రభుత్వం ఆ 1970లోనే అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మన దగ్గర గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా ఏర్పడింది. కర్నూలునుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం. నెల్లూరునుంచి కనిగిరి, పొదిలి, దర్శి. రెండేళ్ళకు అది ప్రకాశం జిల్లా అయింది. ఈ రెండు సంగతులకూ సంబంధమేమీ లేదు. ఏడు ఒకటే కావడం నాకు వింతగా తోచి రాశానంతే.

ఇక ఈ నేలకు వద్దాం.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగరకాలంలో కట్టిన కంభం చెరువు ఈ ప్రాంతపు గొప్ప. ఆ చెరువు కట్టించిన కారణమే ఈ ప్రాంతపు పేదరికం: వాన తక్కువ, వచ్చిన వాన నిలవదు. కృష్ణనీటిని కొండలోంచి సొరంగాలు తవ్వి తెచ్చే వెలిగొండ పథకానికి 1996లో పునాదిరాయి పడింది. ఆ మాట వింటూ పెరిగిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. నడుమ కాలమంతా బోర్లు, ట్యాంకర్లు, నీళ్ళ క్యాన్లు. బోరు ఎంత లోతుకు దిగితే నీటిలో ఫ్లోరైడు అంత పెరుగుతూ వచ్చింది.

ఫ్లోరైడు పేరు చెబితే మనవాళ్ళకు నల్లగొండే గుర్తొస్తుంది. కానీ భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది ఈ ప్రాంతాన్ని గురించి. 1930ల నడుమ ఇక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం గమనించారు. కొద్దికాలానికే మనుషుల్లోనూ అదే కనిపించింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ వ్యాసం ప్రకటించారు. వారు చూసిన రోగులు ఆనాటి నెల్లూరు జిల్లా వారు. ఆ పల్లెలు తరవాత పడమటి ప్రకాశంలో చేరినవి. వెన్ను వంగిపోయి, మెడ తిరగక, కీళ్ళు కదలక బాధపడే మనుషులు. కేడ్ తన గినీపందులను చూడడానికి పదకొండేళ్ళ ముందు మాట ఇది.

ఎనభై ఏళ్ళకు పైగా ఒక ప్రాంతం కీళ్ళనొప్పులతో బతికితే అక్కడ ఏ అలవాటు స్థిరపడుతుంది? నొప్పిబిళ్ళ అలవాటు. పొలానికి పోయేముందు ఒకటి, వచ్చాక ఒకటి. కాగితం అక్కరలేదు, మెడికల్ షాపులో నొప్పికని అడిగితే రెండు రంగుల బిళ్ళలు చిన్న కవరులో వేసి ఇస్తారు. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే అదే మందు సూదిగా వస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నిమెసులైడ్ అన్నీ ఒకే జాతివి. పేర్లు మారినా మూత్రపిండం మీద వాటి పని ఒకటే: అక్కడికి రక్తాన్ని ధారాళంగా పోనిచ్చే పదార్థాలను తగ్గించేస్తాయి. దానితో మూత్రపిండం లిథియంను బయటికి పంపడం మందగిస్తుంది. ఈ సంగతి వైద్యులకు 1970ల చివరికే తెలుసు. ఇండొమెథాసిన్ అనే నొప్పిమందు వాడినవారిలో లిథియం పెరగడం చూశాక ఒక్కొక్కటిగా మిగిలినవాటిలోనూ చూశారు.

ఇప్పుడు తలనొప్పిని ఈ లెక్కలో పెట్టండి. లిథియం వాడే మనిషి ఒకరు మే నెలలో మిరపకోతకో, బేల్దారి పనికో పోయారు. చెమటపట్టింది, నీళ్ళు చాలలేదు. లిథియం కొద్దిగా పెరిగింది. తల పట్టేసింది. నొప్పిబిళ్ళ వేసుకొన్నారు. లిథియం మరికొంత పెరిగింది. తల ఇంకా పట్టేసింది, చేతులు వణికాయి. రెండో బిళ్ళ. మర్నాటికి వాంతులు, వాంతులవల్ల నీరు ఇంకా పోయింది. తలనొప్పికి మందు అనుకొన్నదే తలనొప్పికి మేత అయింది. దీనికి తోడు ఇంట్లో రక్తపోటు బిళ్ళ కూడా ఉంటే మరీ చిక్కు. ఇప్పుడు ఊరూరా వాడే టెల్మిసార్టాన్, దానితో కలిపి ఇచ్చే నీరుడు బిళ్ళ హైడ్రోక్లోరోథయజైడ్, రెండూ లిథియంను పెంచేవే. బీపీ ఉంది కనుక ఉప్పు మానండి అన్న సలహా కూడా దానికి తోడవుతుంది. 1949 అమెరికా కథ పేరు మార్చుకొని మన ఇంటికి రావడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా కనిగిరి వైపునుంచి మూత్రపిండాల జబ్బుల వార్తలు చాలా ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. ఆ మూత్రపిండమే ఈ లెక్కకంతా గుమాస్తా.

ఇదంతా చదివి లిథియం పేరు చెబితేనే జడుసుకొనే అవసరం లేదు. మందు మొదలుపెట్టిన తొలివారాల్లో వచ్చే తలనొప్పి చాలాసార్లు దానంతట అదే సద్దుకొంటుంది. అన్నం తిన్నాక వేసుకోవడం, వైద్యుని అడిగి మోతాదును మెల్లగా పెంచుకోవడం, మెల్లగా కరిగే రకం బిళ్ళకు మారడం వంటివి కొందరికి ఉపకరిస్తాయి. లిథియంతో దాహం ఎక్కువ, మూత్రం ఎక్కువ. ఆ పోయిన నీటిని పూరించకపోవడమే చాలామందికి తలనొప్పి. కనుక మొదటి చికిత్స బిందెలోనే ఉంది. పొలంపనివారి మజ్జిగ, ఉప్పువేసిన గంజి మంచివే. అయితే ఇక్కడ అసలు కిటుకు ఎక్కువ ఉప్పు తినడం కాదు, రోజూ ఒకే తీరుగా తినడం. ఉప్పు ఉన్నట్టుండి తగ్గితే మందు పెరుగుతుంది. ఉన్నట్టుండి పెరిగితే మందు తగ్గిపోయి జబ్బు తలెత్తుతుంది. టీ సంగతీ అంతే. రోజుకు ఆరు టీలు తాగే మనిషి మానేస్తానని ఒట్టు పెట్టుకొంటే, టీ మానడంవల్ల ఒక తలనొప్పి, దానివల్ల లిథియం పెరిగి మరో తలనొప్పి. మానదలచినవారు మెల్లగా తగ్గించుకోవలసిందే. ఉపవాసాలు ఉండేవారు, అది శివరాత్రి అయినా రంజాను అయినా, ముందుగా వైద్యునికి చెప్పివుంచడం మేలు.

నొప్పి భరించలేనప్పుడు లిథియం వాడేవారికి పారాసిటమాల్ మిగిలినవాటికంటే నయం. అది లిథియంను పెంచదు. అదీ వైద్యుడు చెప్పిన మోతాదులోనే. ఏ నొప్పిబిళ్ళనైనా నెలలో సగం రోజులు మింగితే ఆ బిళ్ళే తలనొప్పిగా మారే గుణం ఉంది. కాలేయం బాగాలేనివారికీ, తాగుడు అలవాటున్నవారికీ పారాసిటమాల్ కూడా జాగ్రత్తే. ఇక మన అమృతాంజనం సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పైపూత ఆయనకు సంపాదించిపెట్టిన డబ్బులోంచే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. అంటే తెలుగు పత్రికారంగంలో ఒక పెద్ద ముక్క తలనొప్పి రుణం! నుదుటికి కొద్దిగా రాసుకొనే పైపూత, శొంఠిపట్టు, చీకటిగది, నిద్ర వంటివి కారణాన్ని తీర్చకపోవచ్చు గానీ రక్తంలో లెక్కను తారుమారు చేయవు. ఆ మాట నొప్పిసూది గురించి చెప్పలేం.

తలనొప్పితోపాటు చేతులు ముతకగా వణకడం, నడక తూలడం, మాట ముద్దకావడం, వాంతులు, విరేచనాలు, మగత కనిపిస్తే అది తలనొప్పి కాదు, లిథియం హద్దు దాటిందన్న కబురు. తరవాతి బిళ్ళ మింగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. వడదెబ్బ అని పడుకోబెట్టడం ఇక్కడ జరిగే పొరపాటు. రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. ఇది కాక, అరుదుగా కొందరిలో లిథియం పుర్రెలోపలి ఒత్తిడిని పెంచుతుంది. పడుకొంటే పెరిగే తలనొప్పి, చూపు మసకబారడం, చెవుల్లో గుండెచప్పుడు వినిపించడం దాని గుర్తులు. అప్పుడు కంటివైద్యుడు కంటి వెనుక నరాన్ని చూడాలి.

లిథియం ఒక్కటే కాదు కదా అంటారు. నిజమే, మిగిలిన మందుల కథలు పొట్టివి కనుక పొట్టిగానే చెబుతాను. వాల్‌ప్రోయేట్‌ను 1882లో తయారుచేశారు. ఎనభై ఏళ్ళు అది ప్రయోగశాలలో ఇతర మందులను కరిగించే ద్రవంగా మాత్రమే పడివుంది. 1962లో ఫ్రాన్సులో ఏ మందును కరిగించి చూసినా మూర్ఛలు ఆగుతుండడంతో, మహిమ మందుది కాదు ద్రవానిదని తెలిసింది. దీనికీ తలనొప్పి దుష్ప్రభావమే, కానీ 1996లో పార్శ్వపునొప్పి రాకుండా ఆపే మందుగా అమెరికాలో అనుమతి పొందినది కూడా ఇదే. ఒకే బిళ్ళ ఒకరికి తలనొప్పి, మరొకరికి తలనొప్పి మందు. అయితే గర్భంలోని బిడ్డకు ఇది హాని చేస్తుంది. పిల్లలు కావలసిన వయసు స్త్రీలు వైద్యునితో మాట్లాడకుండా దీన్ని మొదలుపెట్టరాదు, అలాగని వాడుతున్నదాన్ని ఉన్నట్టుండి ఆపనూరాదు.

కార్బమజెపీన్ స్విట్జర్లాండులో 1953లో పుట్టింది. మనోవ్యాధికి దాని ఉపయోగాన్ని 1970లలో జపానులో ఒకుమా అనే వైద్యుడు చూపాడు. దీని చిక్కు లిథియంకు ఎదురుబొదురు. ఇది ఒంట్లో నీటిని నిలిపి సోడియంను పలచన చేస్తుంది. ఆ పలచదనమే తలనొప్పిగా, తికమకగా బయటపడుతుంది. లిథియం వాడే మనిషి నీళ్ళు చాలక తల పట్టుకొంటే, కార్బమజెపీన్ వాడే మనిషి చెంబులకొద్దీ ఉత్తనీళ్ళు తాగి తల పట్టుకోవచ్చు. కనుక తలనొప్పికి నీళ్ళు తాగు అన్న ఒకే సలహా ఇద్దరికీ పనికిరాదు. లామోట్రిజీన్ 2003లో ఈ జబ్బుకు అనుమతి పొందింది. దానితో తలనొప్పి తరచే. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే వైద్యుని కలవమని అందరూ చెబుతారు. జ్వరం, మెడ బిగుసుకోవడంతో కూడిన తలనొప్పి వచ్చినా అంతే తొందర అవసరం. ఆ మందువల్ల అరుదుగా మెదడుపొరల వాపు రాగలదని 2010 ఆగస్టులో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది.

ఇంతకీ పడమటి ప్రకాశంలో తలనొప్పి రోగి చేసే పని వీటిలో ఏదీ కాకపోవచ్చు. ఈ బిళ్ళలే నాకు తలనొప్పి తెస్తున్నాయి అని మొత్తం మానేయడమే ఎక్కువమందికి తోచే ఉపాయం. అందులో తర్కం లేకపోలేదు. మానేస్తే తలనొప్పి పోతుంది కూడా. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఆ హాయి మెల్లగా అతిహాయిగా మారి, నిద్ర తగ్గి, మాట పెరిగి, అప్పుచేసి లారీ కొనాలన్న ఆలోచనదాకా పోతే, ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. కేడ్ మొదటి రోగి చేసింది కూడా ఇదే కదా. లిథియం ఆత్మహత్యలను తగ్గిస్తుందని అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసినవారు తేల్చారు; హఠాత్తుగా ఆపినప్పుడు ఆ రక్షణ పోతుంది. తలనొప్పి నిజమైన బాధ. దానికి మందు మానడంకంటే చవకైన మార్గాలు ఉన్నప్పుడు ఇంత ఖరీదైన మార్గం ఎన్నుకోవలసి రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చవకైన మార్గాలు అన్నాను గానీ దూరం కూడా ఖర్చే. మనోవైద్యాన్ని పల్లెకు దగ్గర చేయాలన్న ఆలోచన మన పక్కనే, తెలుగువారూ కన్నడిగులూ కలిసి బతికే బళ్ళారి జిల్లాలో 1980లలో ప్రయోగరూపం దాల్చింది. బెంగళూరులోని నిమ్హాన్స్ వారు అక్కడి ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చి, నాలుగైదు రకాల మందులను అక్కడే అందుబాటులో ఉంచారు. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య పథకం నాలుగు జిల్లాలతో మొదలయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నుంచి ఎంపికైనది మెదక్. మనోవైద్యుని కోసం ఒంగోలుకో గుంటూరుకో, నల్లమల దాటి కర్నూలుకో పోవడం గిద్దలూరువారికి కొత్త కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ పుణ్యమా అని 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడేవారు దొరుకుతారు. తలనొప్పికి ఏ బిళ్ళ వేసుకోవచ్చో అడగడం కూడా అడగదగిన ప్రశ్నే, దానికి సిగ్గుపడనక్కరలేదు. మెడికల్ షాపులో అయితే నొప్పికి బిళ్ళ ఇవ్వండి అనే ముందు నేను లిథియం వాడుతున్నాను అన్న నాలుగు మాటలు చెప్పాలి. జబ్బు పేరు నలుగురిలో చెప్పడానికి జంకేవారు ఆ మందు పేరు రాసిన కాగితం ముక్కను చొక్కాజేబులో పెట్టుకొని చూపించవచ్చు.

రక్తపరీక్ష విషయం ఒకటి మిగిలింది. రక్తంలో లిథియం మామూలుగా 0.6 నుంచి 1.0 దాకా ఉండాలని చూస్తారు, 1.5 దాటితే విషప్రభావపు హద్దు. అయితే ఆ అంకెకు అర్థం ఉండాలంటే చివరి బిళ్ళ మింగిన పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున బిళ్ళ వేసుకొని, బస్సెక్కి, పదిగంటలకు రక్తం ఇస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, వైద్యుడు మోతాదు తగ్గించేస్తాడు, రెండు నెలలకు జబ్బు తిరగబడుతుంది. కనుక పరీక్షరోజున రాత్రి తొమ్మిదికి బిళ్ళ వేసుకొన్నవారు పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చేట్టు చూసుకోవాలి. పొద్దుటి బిళ్ళ ఉంటే దాన్ని చేతిసంచిలో పెట్టుకొని పోయి, రక్తం ఇచ్చాక, టిఫిను తిని మింగాలి. మంచినీళ్ళు మాత్రం దారిపొడుగునా తాగవచ్చు. గత వారంలో ఏయే నొప్పిబిళ్ళలు వేసుకొన్నదీ, విరేచనాలు పట్టుకొన్నదీ, ఎండలో పనిచేసిందీ ఆ అంకెతోపాటు వైద్యునికి చెప్పాలి. వాడిన బిళ్ళల పేరు తెలియకపోతే ఆ ఖాళీ అట్టనే తీసుకుపోతే సరి.